నీలం తిరిగిన ఉలి

ఆ చేప మొదట నాకు చేపలా కనిపించలేదు. ఐర్లండ్‌లోని డ్రోహెడాలో మా ఇంటికి పది నిమిషాల నడకలో ఉన్న చర్చి హాల్లో, ఒక శనివారం ఉదయం, పొడవాటి బల్ల మీద తెల్లటి మొద్దు ఒకటి పడి ఉంది. దాని ముందు ఎనభై దాటిన పెద్దాయన నిలబడి ఉలిని నిటారుగా పట్టుకుని నొక్కాడు. నొక్కి, కాస్త వాల్చి, తీశాడు. గోరంత తునక లేచింది. అది లేచిన చోట ఒక పొలుసు ఉంది. మళ్లీ నొక్కాడు, వాల్చాడు, తీశాడు. పక్కనే ఇంకో పొలుసు. నేను తడిసిన కోటు కూడా విప్పకుండా అలాగే నిలబడిపోయాను. కాసేపటికి ఆ మొద్దులోంచి ఒక సాల్మన్ చేప తలా మొప్పలూ బయటపెట్టి, మిగతా ఒంటిని కూడా లాక్కోవడానికి పెనుగులాడుతున్నట్టు అనిపించింది.

"ఎటు వెళ్తోందో తెలుసా?" అన్నాడాయన, తలెత్తకుండా.

"తెలీదు సార్."

"బోయిన్ నదిలో ఎదురీదుతూ పైకి. వెనక్కి తిరిగే రకం కాదు."

"సార్ అంట!" అంది టీ కెటిల్ దగ్గరున్న ఆవిడ. ఆమె ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి, చెక్క చెంచాలు చెక్కుతుంది. "ఈయన్ని సార్ అన్నవాళ్లని నేనింతవరకు చూడలేదు. స్పీడింగ్‌కి పట్టుకున్న పోలీసు గార్డు కూడా అనలేదు."

అందరూ నవ్వారు. పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాదు, అంకుల్ అంటే ఆయనకి అర్థం కాదు. అందుకని సారే ఖాయమైంది. ఆయన నన్ను లాడ్ అనేవాడు, అంటే కుర్రాడా అని. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు.

నా ఉద్యోగం లీక్స్‌లిప్‌లో, సిలికాన్ చిప్స్ తయారుచేసే చోట. అక్కడ వేడి ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే అలారం మోగుతుంది. ఆ అలారాలు చూసుకునేవాళ్లలో నేనొకణ్ణి. ఈ సంగతి ముందే చెబుతున్నాను. వేడి లోహాన్ని ఏం చేస్తుందో తెలియక చేశానని రేపు ఎవరూ నా తరఫున చెప్పకూడదు.

మా ఆవిడ ఇక్కడి పెద్దాసుపత్రిలో నర్సు. శనివారం పూట సోఫాలో ఫోన్ పట్టుకుని కూర్చునే నన్ను ఆ హాలుకి తరిమింది ఆవిడే. మొదటి నెలలో నేను చెక్కిన పిట్టను చూసి "బంగాళాదుంప బాగుంది" అంది. అయినా వెళ్లడం మానలేదు. అక్కడ ఎవరూ ఎవర్నీ తొందరపెట్టరు. కలప వాసన, టీ వాసన, ఉలి కింద చెక్క లేచే చిన్న చప్పుడు. పెద్దాయన ఎప్పుడైనా నా వెనక నిలబడి, నా చేతి మీద తన చెయ్యి వేసి ఉలిని కొంచెం తిప్పేవాడు. అంతవరకు మొండికేసిన చెక్క వెన్నలా లేచేది. నా చేతిలోంచే జరిగిన ఆ పని నాది కాదని తెలిసి కూడా ఆశ్చర్యంతో చూస్తుండేవాణ్ణి.

శనివారాలు అక్కడ చేరే మా చెక్కడం క్లబ్బులో నియమం ఒక్కటే. ఒకరి ఉలి అరువు తీసుకుంటే, తీసుకున్నప్పటికన్నా పదునుగా తిరిగివ్వాలి. పదును పెట్టడం అంటే చేత్తోనే. సానరాయి మీద నీళ్లు చల్లుకుంటూ రుద్ది, చివర తోలు పట్టీ మీద లాగాలి. మంచి ఉలికి గంట పడుతుంది.

ఆయన పొలుసులు చెక్కే ఉలి వాళ్ల నాన్నది. అంచు చేతిగాజులో సగంలా వంపు తిరిగి ఉంటుంది. పిడి ఇద్దరి అరచేతుల చెమటకి నల్లబడింది. సాల్మన్ ఒంటి మీద పొలుసులన్నీ ఆ ఒక్క ఉలితోనే. మొప్పల దగ్గర పెద్దవి, తోక వైపు పోయేకొద్దీ చిన్నవి. ఉలి మారదు, వాల్చే కోణం మారుతుంది, అంతే. ఆ వంపుతో ఇంకో ఉలి ఎక్కడా దొరకలేదని బస్సు ఆవిడ చెప్పింది. కూతురి దగ్గరికి కార్క్ నగరం వెళ్తూ ఆయన దాన్ని వారం రోజులకు నాకిచ్చాడు. నా పిట్ట రొమ్ము మీద ఈకలు రావడం లేదని చూసి, నేను అడగకుండానే ఇచ్చాడు.

ఈకలు వచ్చాయి. ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక, తోటలోని షెడ్డులో కూర్చుని ఉలికి పదును పెడదామనుకున్నాను. గంట కూర్చోవడానికి బద్ధకించాను. ఇది నిజంలో సగమే. మిగతా సగం, ఆయన పదునుకన్నా నా పదును గొప్పగా ఉండాలని, అందరూ చూడాలని. సూపర్ మార్కెట్లో సైకిల్ పంపులూ గుడారాలూ కలిపి పెట్టే వరసలో కొన్న కరెంటు గ్రైండర్ ఒకటి నా దగ్గరుంది. ఉలి అంచు దానికి ఆనించాను. నిప్పురవ్వలు అందంగా వచ్చాయి. అంచు ఎండుగడ్డి రంగుకి తిరిగింది. ఆపాల్సింది. ఇంకొంచెం అనుకున్నాను. ఊదా అయింది. చటుక్కున తీసేలోగా అంచు పొడవునా, అరంగుళం లోతు వరకు, నీలం.

ఉక్కు నీలం తిరిగిందంటే గట్టిదనం పోయినట్టు. ఇక ఎంత పదును పెట్టినా నిలవదు. నాకు తెలుసు. నా జీతమే ఇలాంటివి తెలిసినందుకు.

తర్వాత నేను చేసింది ఇంకా నీచం. నీలం పైపొరే, గరుకు కాగితంతో రుద్దితే పోతుంది. రుద్దాను. సానరాయి మీద, తోలు మీద పెట్టాను. అద్దంలా మెరిసింది. ముంజేతి మీద వెంట్రుకలు గొరిగేంత పదును వచ్చింది. శనివారం ఆయన దాన్ని బొటనవేలి గోటి మీద ఆనించి చూసి, పైకెత్తి అందరికీ చూపించాడు.

"మా నాన్న తర్వాత దీనికి ఇంత పదును పెట్టినవాడు వీడే!"

అందరూ చప్పట్లు కొట్టారు. బస్సు ఆవిడ నా సాసర్లో రెండో బిస్కెట్ పెట్టింది. నేను తిన్నాను.

పది పొలుసుల దాకా ఉలి బాగానే కోసింది. ఆ తర్వాత చెక్కను కోయడం మాని చించడం మొదలుపెట్టింది. ఆయన పదును పెట్టుకున్నాడు. మళ్లీ పది. మళ్లీ చిరుగు. పై వారం బల్లకి ఇంకో దీపం బిగించుకున్నాడు. ఆ పై వారం కొత్త కళ్లద్దాలతో వచ్చాడు. ఒంటి మీద అప్పటిదాకా నీళ్లలో మెరిసినట్టున్న పొలుసులు, ఒక గీత దాటాక పీచులు లేచి గరుకుగా ఉన్నాయి. ఆ గీత ఎక్కడ మొదలైందో నేను వేలు పెట్టి చూపించగలను. నా శనివారం అది.

ఉలి మీద ఆయనకి అనుమానమే రాలేదు. అరవై ఏళ్లుగా అది మోసం చెయ్యలేదు. అందుకని ఆయన తన చేతుల్ని అనుమానించాడు.

"జీపీకి చూపించాను," అన్నాడు ఒకరోజు, వేళ్లు చాపి చూసుకుంటూ. "చేతులు గ్రాండ్, ఏ లోపమూ లేదన్నాడు. డాక్టరుకేం తెలుసు? చెక్కకి తెలుసు."

అప్పుడు నేనొక మాట అన్నాను. నా జన్మలో అన్న మాటల్లో ఏ ఒక్కటైనా వెనక్కి తీసుకోవచ్చంటే దాన్నే తీసుకుంటాను. "చలికి చేతులు బిగుసుకుంటాయి సార్. వయసు కూడా కదా."

ఆయన తలూపాడు. నమ్మాడు.

ఇంట్లో అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంటే మా ఆవిడ కంచం పక్కకి జరిపింది. "ఏందండీ, ఏమయింది? ఉద్యోగం పోయిందా?"

చెప్పాను. మొత్తం చెప్పాను, రెండో బిస్కెట్‌తో సహా.

"రోజూ మోకాళ్ల మీదుండి ప్రార్థన చేస్తన్నారుగా, దేవుడికి ఏం చెప్తన్నారు? గ్రైండర్ సంగతి తప్ప అన్నీ చెప్తన్నారా?"

"ఉలి పాతది. దానికి మారుగా ఇంకోటి ఇద్దామంటే..."

"ఉలి సంగతి ఎవరడిగారండీ? వార్డులో రోజూ చూస్తా నేను. చెయ్యి పనికిరాకుండా పోయిందని తెలిసిన మనిషి మొహం ఎట్టుంటదో మీకేం తెలుసు? బాగున్న చేతిని చెడిందని నమ్మిచ్చారే, అదీ పాపం."

మెట్ల మీద కూర్చున్న మా అమ్మాయికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిషులోనే. "జస్ట్ టెల్ హిమ్, డాడ్. హీ'ల్ బి గ్రాండ్."

చెబుదామనే వెళ్లాను. అంతకుముందే ఆయన వచ్చి ఉన్నాడు. సాల్మన్ మీద దుప్పటి కప్పి ఉంది. బల్ల మీద ఆయన ఉలుల సంచి విప్పి పరిచి ఉంది. అలా పరచడానికి అర్థమేమిటో బస్సు ఆవిడ గుసగుసగా చెప్పింది. పని మానేసే మనిషి తన పనిముట్లు మిగతావాళ్లకి తలా ఒకటి పంచి వెళ్తాడు. అమ్మరు, ఇంటికి తీసుకుపోరు. చెబుతూ ఆవిడ ముక్కు తుడుచుకుంది. బస్సు ఆవిడ ఏడవడం అదే నేను మొదట చూడటం.

ఒక్కొక్కరూ వెళ్లి తీసుకున్నారు. ఎవరూ జోకులు వెయ్యలేదు. నా వంతు వచ్చినప్పుడు ఆయన నన్ను ఎంచుకోనివ్వలేదు. నల్ల పిడి ఉన్న ఉలి తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది నీకే, లాడ్. దీని విలువ నీకు తెలుసు. అంత పదును పెట్టావు."

నా నోట్లోంచి మాట తెలుగులో వచ్చింది. "తప్పయిపోయింది సార్." ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ ఇంగ్లిషులో మొదలుపెట్టాను. గ్రైండర్, నీలం, గరుకు కాగితం, చలి, వయసు. ఏదీ దాచలేదు.

ఆయన ఉలి తిరిగి తీసుకున్నాడు. కిటికీ దగ్గరికి వెళ్లి అంచును వెలుతురుకి పట్టాడు. జేబులోంచి ఆకురాయి తీసి, అంచు మీద ఒకసారి గీశాడు. మంచి ఉక్కయితే ఆకురాయి జారిపోవాలి. అది కరిచింది. ఇంకా పైన గీశాడు. అక్కడ జారింది.

తిట్టు కోసం ఎదురుచూస్తున్నాను. తిట్టు వస్తే బాగుండుననే అనుకున్నాను.

ఆయన ఇటు తిరిగాడు. ఆ మొహం ఎలా రాయాలో నాకు తెలియదు. ఇన్నేళ్లలో నేను చూసిన ఏ అద్భుతాన్నీ దానితో పోల్చలేను. రెండు చేతులూ ముందుకి చాపి, వాటిని ఎవరో అప్పుడే తెచ్చి ఇచ్చినట్టు చూసుకున్నాడు.

"ఉక్కా?" అన్నాడు. "ఉక్కేనా? నేను కాదా?"

"మీరు కాదు సార్."

"దేవుడికి స్తోత్రం," అని, గట్టిగా నవ్వాడు. కళ్ల నీళ్లు కారుతుంటే నవ్వాడు. తర్వాత బల్ల చుట్టూ చూసి గద్దించాడు. "ఏంటలా చూస్తున్నారు? నా ఉలులు ఎక్కడివక్కడ పెట్టండి, దొంగల్లారా!"

ఉలులన్నీ టపటపా సంచిలోకి వచ్చాయి. బస్సు ఆవిడ నా దగ్గరికి వచ్చి, "ఆ బిస్కెట్ నాకు బాకీ ఉన్నావు," అంది. ఆవిడ నవ్వలేదు. చాలా వారాలు నవ్వలేదు. అది నాకు రావలసిందే.

నా చేతిలో మాత్రం నల్ల పిడి ఉలి మళ్లీ పెట్టాడాయన. చెడిన అరంగుళం మొత్తం అరగదీసి గట్టి ఉక్కు దాకా వెళ్లాలన్నాడు. సానరాయి మీద, నీళ్లతో, చేత్తో, ఆయన కళ్లెదుట. ఏడు శనివారాలు పట్టింది. నేను మౌనంగా ఉన్నది కూడా ఇంచుమించు అన్ని వారాలే. వేళ్ల చివర్లు పగిలాయి. ఒకరోజు ఆయన పక్కన కూర్చుని, పొట్టిదవుతున్న ఉలిని చూశాడు.

"మా నాన్న కొన్నప్పుడు ఇది ఎంత పొడవుండేదో తెలుసా? సగం ఆయన తినేశాడు, పదును పెట్టి పెట్టి. కొంత నేను తిన్నాను. నువ్వు మాత్రం ఒక్కసారే పెద్ద ముద్ద మింగావు."

అంతకుమించి ఆయన నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. ఎందుకు దాచావని కూడా అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు ఉంది, మంచి జవాబు కాదు. చప్పట్లు పోతాయని.

ఎనిమిదో శనివారం ఆయన సాల్మన్ మీద దుప్పటి తీశాడు. ఉలి నిటారుగా ఆనించి, నొక్కి, వాల్చి, తీశాడు. తునక లేచింది. కింద పొలుసు తడిగా మెరిసినట్టు మెరిసింది. పదకొండోది, ఇరవయ్యోది, నలభయ్యోది. ఎవరి ఉలీ కదల్లేదు. అందరం లేచి నిలబడి చూశాం.

చేప పూర్తయింది. ఇప్పుడు హాలు గోడకి ఉంది. ఒంటి మధ్యలో అరచేయంత మేర పీచులు లేచిన పొలుసులు అలాగే ఉన్నాయి. గీకి మళ్లీ చెక్కమని నేను బతిమాలాను. ఆయన వినలేదు. సముద్రం నుంచి వచ్చిన చేపని సీల్ జంతువు కరవకుండా ఉంటుందా అన్నాడు.

కొత్తవాళ్లు వస్తే ఆ చేప ముందు నోరు తెరుచుకుని నిలబడతారు, నేను నిలబడ్డట్టే. చెయ్యి వేసి నిమురుతారు. గరుకు తగలగానే ఆగి, ఇక్కడేమైందని అడుగుతారు. ఆయన చెప్పడు. నా వైపు ఉలితో చూపిస్తాడు. నేను లేచి, మొదటినుంచీ చెబుతాను. నీలం దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ నా గొంతు తగ్గిపోతుంది.

"గట్టిగా చెప్పు, లాడ్," అంటాడాయన, తలెత్తకుండా, చెక్కుతూనే.