గళ్ళ కొండ ఎక్కిన అత్త

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చోబోతుంటే చీపురుపల్లి నుంచి బావ ఫోన్ చేశాడు. "అమ్మ ఎల్లిపోనాదే" అన్నాడు. ఫోన్లో అవతల ఏదో గూడ్సు బండి చాలాసేపు వెళ్తూనే ఉంది.

పోయింది మా మేనత్త. కొంతకాలంగా ఒంట్లో బాగాలేదు కాబట్టి అనుకోనిది కాదు. అయినా ఆ రోజంతా కంప్యూటర్ ముట్టుకోలేదు. నేను వీడియో గేములు తయారుచేస్తాను. నా మొదటి గేము ఇప్పుడున్న రూపంలో బయటికొచ్చింది ఆవిడ వల్లే. ఆ సంగతి ఆడినవాళ్ళెవరికీ తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

అత్తకి స్టేషన్ రోడ్డులో గాజుల కొట్టు ఉండేది. వేసవి సెలవులకి విజయనగరం నుంచి పాసింజరు ఎక్కి వెళ్ళి, పగలంతా ఆ కొట్లోనే ఉండేదాన్ని. ఎవరైనా ఎర్రగాజులు అడిగితే "ఏ ఎరుపమ్మా?" అనేది. దానిమ్మ గింజ ఎరుపు వేరు, పండుమిరప ఎరుపు వేరు ఆవిడకి. చిన్నపిల్లలు గాజులు ఎక్కించుకోడానికి భయపడితే, "సెయ్యి నాకొగ్గేసి నువ్వు ఈదిలోకి సూడు" అనేది. పిల్లలు వీధిలో పోయే రిక్షానో, ఆవునో చూసి ఇటు తిరిగేసరికి గాజులు మణికట్టు దాకా వచ్చేసి ఉండేవి.

షుగరు వల్ల ఆవిడ చూపు మెల్లమెల్లగా మసకబారింది. ముందు సూదిలో దారం, తరవాత బస్సు మీద ఊరిపేరు, ఆ తరవాత మనుషుల మొహాలు. లేజరు చేయించారు, కంట్లో ఇంజెక్షన్లు వేయించారు. కొట్టు బావ చూసుకోవడం మొదలుపెట్టాడు. అత్త టీవీ కూడా మానేసింది. "అందరూ పొగలో తిరుగుతన్నట్టుంటాదే. ఎవులు నవ్వుతన్నారో, ఎవులు ఏడుస్తన్నారో తెల్దు" అనేది.

ఆ రోజుల్లోనే నేను ఉద్యోగం మానేసి నా గేము చేసుకుంటున్నాను. చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన పాత గేముల్లాగే, బొమ్మలన్నీ రంగురంగుల గళ్ళతో పేర్చినవే. తప్పిపోయిన మేకపిల్లని వెతుక్కుంటూ ఒక పిల్ల కొండ ఎక్కుతుంది. గబ్బిలాలు మీద పడతాయి. రాతి భటులు నిద్రలేచి దారికి అడ్డం నిలబడతారు. కర్రతో కొట్టుకుంటూ, దూకుతూ, పాకుతూ పైకి పోవాలి. రామతీర్థం కొండలు ఎక్కి దిగి, అక్కడి నున్నటి బండలు, పాత ఇటుక కట్టడాలు, వాననీళ్ళ చెలమలు చూసుకుని వేశాను.

దాన్ని గేములు అమ్మిపెట్టే ఒక కంపెనీ వాళ్ళకి చూపించాను. "కథ బాగుంది. కానీ ఈ గళ్ళ బొమ్మలు ఇప్పుడెవరు చూస్తారండీ? మనుషులు మనుషుల్లా కనిపించేలా మార్చండి, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు. మారిస్తే చేసిందంతా మళ్ళీ మొదటికొస్తుంది. మార్చకపోతే బజారులో పెట్టడానికి నా వెనక ఎవరూ ఉండరు. ఎటూ తేల్చుకోలేక చీపురుపల్లి వెళ్ళాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, బావకి చూపిద్దామని లాప్‌టాప్‌ని వాళ్ళ టీవీకి తగిలించాను. అత్త మంచం మీద ఒరిగి ఉంది. కొండ కింద పిల్ల కనిపించగానే లేచి కూర్చుంది.

"ఎవులే ఆ పిల్ల?"

"బొమ్మ అత్తా. నా గేములోది."

"పరికిణీ కట్టుకున్నాది. జడ ఊగతన్నాది."

నేను బావ వైపు చూశాను. ఆ జడ అంటే అటూ ఇటూ జరిగే కాసిని నల్లటి గళ్ళు, అంతే. "అత్తా, అవన్నీ గళ్ళే. దగ్గరకెళ్ళి చూస్తే మొహం కూడా ఉండదు" అన్నాను.

"గళ్ళేటే? నాకు పిల్లే కనబడతన్నాది. ఎనకాల పొద్దు వాలతన్నాది. బండ మీద ఎండ సూడు, ఎంత బాగున్నాదో!"

నేను కళ్ళు సగం మూసి, ఆవిడకి కనిపించినట్టు చూడబోయాను. అంచులు కరిగిపోయాయి. గళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. నిజంగానే కొండ మీద ఎండ ఉంది. పిల్ల గాలికి ఎదురు నడుస్తోంది. అన్నాళ్ళూ ఒక్కొక్క గడీ పేర్చిన నేను ఆ కొండని అప్పుడే మొదటిసారి చూశాను.

ఆ సాయంత్రమే మార్చనని కంపెనీ వాళ్ళకి చెప్పేశాను.

అప్పటినుంచి ఆదివారాలు అత్త చేతికి గేము ఆడే బటన్ల రిమోటు ఇచ్చి పక్కన కూర్చునేదాన్ని. నడవడం, దూకడం తొందరగానే పట్టుబడ్డాయి. కొట్టడం మాత్రం ఆవిడకి నచ్చలేదు. "కర్రతో కొట్టత్తా" అంటే "ఏల కొట్టాల? జరగమంటే జరగడేటి?" అనేది. పిల్లని రాతి భటుడి ఎదుట నిలబెట్టి, "జరుగు బాబూ, మేకపిల్ల ఏడుస్తన్నాది" అని బతిమాలేది. వాడు గద ఎత్తి ఒక్కటేసేవాడు. "ఓలమ్మ, సంపీసినాడు!" అని పకపకా నవ్వేది.

"మళ్ళీ కిందనుంచేనా?"

"కిందనుంచే అత్తా."

"పర్లేదులే. దారి బాగున్నాది."

ఆ మాట నాతో ఉండిపోయింది. పని ముందుకి సాగని రోజుల్లో ఇప్పటికీ నాలో నేను అనుకుంటాను. ఆ తరవాత గేములో ఒక మార్పు చేశాను. కర్ర ఎత్తకుండా కాసేపు ఊరికే నిలబడితే రాతి భటుడు తనంతట తానే పక్కకి జరుగుతాడు. అది కనిపెట్టినవాళ్ళు ఎంత తెలివిగా దాచావని నన్ను మెచ్చుకుంటారు. అది మా అత్త బతిమాలడం.

గేము పూర్తయ్యే ముందు, వానల్లో, ఆవిడ కళ్ళలో రక్తం దిగింది. ఆపరేషన్ చేసినా వెలుతురు, చీకటి తేడా తెలియడం తప్ప ఇంకేమీ మిగల్లేదు. నేను గేము ఊసెత్తడం మానేశాను. ఒకరోజు ఆవిడే అడిగింది.

"ఆ పిల్ల పైకెల్లినాదేటే?"

"లేదత్తా. నువ్వే ఎక్కించాలి."

"అయితే తే మరి."

బావ కిటికీ తలుపులు మూసి, గది చీకటి చేసి వచ్చాడు. అత్త టీవీకి దగ్గరగా మఠం వేసుకుని కూర్చుంది. వేళ్ళకి దారి తెలుసు. రెక్కల చప్పుడు వింటే గబ్బిలం ఎటు నుంచి వస్తోందో తెలుసుకుంది. బండ మీద అడుగు చప్పుడు వేరు, ఇటుక మీద వేరు. చెలమల దగ్గర మాత్రం "ఇప్పుడు దూకత్తా" అని నేను చెప్పేదాన్ని. చాలాసార్లు పడింది. పడినప్పుడల్లా బావ "అయ్యో!" అంటే "నువ్వు ఊరుకో" అని కసిరి మళ్ళీ మొదలుపెట్టేది. భటులందరి ఎదుటా ఓపిగ్గా నిలబడింది. వాళ్ళు జరిగారు.

చివరి మెట్టు దాటగానే మేకపిల్ల అరిచింది. అత్త వేళ్ళు బటన్ల మీద ఆగిపోయాయి. గేములో ఆ చోట కొండ మీద తెల్లవారేలా నేను ముందే పెట్టాను. తెర మెల్లగా నీలం నుంచి గులాబీలోకి, గులాబీ నుంచి పసుపులోకి మారుతోంది. ఆవిడకి చెబుదామని నోరు తెరిచాను.

"తెల్లారతన్నాది గదే" అంది అత్త.

చీకటి గదిలో ఆ వెలుతురు ఆవిడ నెరిసిన జుట్టు మీద, మొహం మీద పడుతోంది. రిమోటు పక్కన పెట్టి, చినుకు పడుతోందేమో చూసుకునేవాళ్ళలా కుడిచెయ్యి ముందుకి చాపింది. అరచేతిలోకి పసుపు వెలుగు వచ్చి నిలిచింది. వేళ్ళు ముడవకుండా అలాగే పట్టుకుని కూర్చుంది.