ఒకే ఒక్క నల్లకోటు

సూర్యాపేటలో మేం చదివిన బిజినెస్ స్కూల్‌లో నల్లకోటు ఒక్కటే ఉండేది. ర్యాంకు వచ్చినా, ఉద్యోగం దొరికినా, ఫ్లెక్సీ ఫొటో కోసం అందరం దాన్నే తొడుక్కునేవాళ్లం. ఆడా మగా తేడా లేదు. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు దాని చేతులు నా వేళ్లు దాటిపోయాయి. ప్లేస్‌మెంట్ సార్ వెనకనుంచి పిన్నులు పెట్టి బిగించారు.

యూనివర్సిటీ గోల్డ్ మెడల్ మాత్రం వేములపల్లి నుంచి వచ్చే నా క్లాస్‌మేట్‌కు వచ్చింది. నచ్చని మాట వింటే ఆమె చున్నీని నడుముకు చుట్టి ముడేసేది. ఇక ఎవరు చెప్పినా వినేది కాదు. ఆమె ఇప్పుడెక్కడుందో తెలియదు గానీ ఆ ముడి నాకింకా గుర్తే. ఫొటోలు దిగే రోజున కూడా అలాగే ముడేసింది.

"నాది కాని కోటు నేనెందుకేసుకోవాలె సార్?"

"వేసుకోకుంటే ఫ్లెక్సీల నీ ఫొటో ఉండదమ్మా."

"లేకుంటే లేకపాయె. పరీక్ష రాసింది నేనా, కోటా?"

వరుసలో నిలబడ్డ మేమందరం తలలు దించుకున్నాం. గోల్డ్ మెడల్ లేని ఫ్లెక్సీ ఎవరు చూస్తారని చివరికి సారే తగ్గారు. వెలిసిపోయిన పసుపు డ్రెస్సులోనే ఆమె ఫొటో దిగింది.

మా మిర్యాలగూడ బస్టాండు ఎదుట కూడా ఫ్లెక్సీ కట్టారు. గొప్పగా మా అమ్మను తీసుకెళ్లి చూపించాను.

"గా పసుపు డ్రెస్ పిల్ల ఎవలో గని, మస్తుగున్నది బిడ్డా" అంది అమ్మ. తర్వాత కళ్లు చికిలించి నల్లకోట్లన్నీ ఒక్కొక్కటిగా వెతికింది.

"ఇంతకీ నువ్వేడున్నవ్?"