అక్కకి చెప్పిన జాగ్రత్తలు

నాకు రొమ్ము కేన్సరని మా ఊళ్ళో అందరికన్నా ఆఖరున తెలిసింది నాకే. మా వైపు అదొక మర్యాద. జబ్బు సంగతి జబ్బు మనిషికి తప్ప మిగతా అందరికీ చెబుతారు. గుంటూరు ఆసుపత్రిలో మా అక్క డాక్టరుగారి దగ్గరికి పోయి, "ఏదున్నా నాతో చెప్పండి సార్, దానికి ధైర్యం తక్కువ" అంది. నాకు ధైర్యం తక్కువట! ఇంట్లోకి పాము వస్తే కర్ర తెచ్చేది నేను, మంచమెక్కేది ఆవిడ. అయినా నా కోసం ఎంత తాపత్రయపడుతోందో అని ఆరోజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

కుడి రొమ్ము తీసేశారు, చంకలో గ్రంథులూ తీసేశారు. మందులెక్కించడం, రేడియేషనని కరెంటు పెట్టడం అన్నీ అయ్యేసరికి ఏడాది తిరిగింది. అప్పటికి సత్తెనపల్లి అవతల అక్కా నేనూ కలిసి కౌలుకి చేసే మిరప చేను కోతకొచ్చింది. "చేలోకి వస్తే మనసు తేలికపడుద్ది, రావే" అంది అక్క. వెళ్ళాను. నెల రోజులు ఎండలో కాయ కోశాను, తట్టలు మోశాను. పుల్లలు గీరుకున్న చోటల్లా ఒకటే మంట. మిరప కోతన్నాక మంట ఉండదా అనుకున్నాను.

ఒకరోజు పొద్దున లేచేసరికి కుడి చెయ్యి భుజం దాకా ఉబ్బిపోయింది. ఒళ్ళంతా చలిజ్వరం. గాజులు కండలోకి దిగిపోయాయి. మా ఆయన నిక్షేపంలా పక్కన నిలబడి ఉండగానే వాటిని పగలగొట్టాల్సి వచ్చింది. మా అత్త మొహం అటు తిప్పుకుంది.

మందులకి జ్వరం తగ్గింది గానీ వాపు పోలేదు. అక్కని తోడు తీసుకుని మళ్ళీ గుంటూరు వెళ్ళాను. ఫిజియోథెరపీ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని చూసింది.

"చంకలో గ్రంథులు తీసేస్తే ఈ చేతిలో నీరు దిగే దారి తగ్గిపోతుందమ్మా. గీతలు పడకూడదు, బరువులు మొయ్యకూడదు, ఎర్రటి ఎండలో పనిచెయ్యకూడదు. ఆపరేషనప్పుడే చెప్పాను కదా?"

"ఎవరికి చెప్పావమ్మా?"

"మీ అక్కగారికే. కాగితం కూడా ఇచ్చాను. రెండుసార్లు చదివించుకున్నారు."

అక్క గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చుంది.

బస్సు దిగాక నడిరోడ్డు మీదే అరిచాను. "తెలిసే తీసుకెళ్ళావా నన్ను కోతకి?"

"భయపడతావని చెప్పలేదే."

"నిజం చెప్పు."

"కూలోళ్ళు దొరకలా. మబ్బులు పట్టినై. తడిస్తే కాయంతా తాలైపోద్ది. నాలుగు రోజులు కోస్తే ఏమవుద్దిలే అనుకున్నా. నువ్వు బాగానే కోస్తన్నావుగా, ఇక ఆపబుద్ధి కాలా."

పరాయిది చేసుంటే నాలుగు తిట్టి వదిలేసేదాన్ని. ఆసుపత్రిలో నా వాంతులు దోసిట పట్టిన మనిషి ఇది.

ఇప్పుడు నెలకోసారి ఆసుపత్రికి వెళ్ళి, కొత్తగా ఆపరేషనయిన ఆడవాళ్ళకి చెయ్యి ఎలా కాపాడుకోవాలో చెప్పి వస్తున్నాను. వెంట వచ్చినవాళ్ళని మాత్రం ముందు బయటికి పంపేస్తాను. గయ్యాళి అంటారట. అననీ.

నా వాపు పూర్తిగా పోదట, అదుపులో పెట్టుకోవాలంతే. రోజూ వేళ్ళ దగ్గర్నుంచి చంక దాకా పొరలు పొరలుగా పట్టీ చుట్టాలి. నా ఎడంచేత్తో బిగువు కుదరదు. మా ఆయన చుడితే మధ్యాహ్నానికల్లా జారిపోతుంది. ఫిజియో అమ్మాయి మా ఇంట్లో అందరికీ నేర్పి చూసింది. సరిగ్గా వచ్చింది అక్క ఒక్కదానికే.

రోజూ పొద్దున్నే వస్తుంది. నేను పలకరించను. చెయ్యి చాపుతాను.