సారు కోసం మోసిన టేప్ రికార్డర్

రుద్రంగి పక్కన మా ఊళ్లో బడి ఏడో తరగతితో సరి. పైచదువుకు కోరుట్ల పోవాలి. ఆ ఏడాది పేద పిల్లల కోసం సర్కారు అదనంగా సొమ్ము ఇస్తుందని, హాస్టలు ఖర్చు, పుస్తకాలు అందులోనే వస్తాయని మా పెద్దసారు చెప్పాడు. క్లాసులో మొదటి నంబరు నా స్నేహితురాలిదే. వాళ్ల నాన్న సిరిసిల్లలో మగ్గాల మీద కూలి, అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. ఆ సొమ్ము రాకపోతే తన ఒళ్లోకి కూడా బీడీల చాట వస్తుందని దానికి తెలుసు.

ఇల్లు చూసి రాసుకోవడానికి జగిత్యాల నుంచి ఆఫీసరు వస్తాడన్నారు. వాళ్లమ్మకు కాలు నిలవలేదు.

"ఇంటికి పెద్దమనిషి అత్తుండు బిడ్డా. ఇల్లు బోసిగుంటే ఏం మర్యాద?"

వాకిట్లో సాన్పు చల్లి, ముగ్గేసి, పక్కింటి కుర్చీ తెచ్చి వేసింది. మా నాన్న దుబాయి నుంచి పంపిన టేప్ రికార్డర్‌ను నేనే మోసుకెళ్లి గూట్లో పెట్టాను. ఏదో ఘనకార్యం చేశాననుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది!

మాది నక్సలైట్ అన్నలు తిరిగే ఊరు. ఆ భయానికి ఆఫీసరు బండి ఇంజను కూడా ఆపలేదు. గడపలో నిలబడి కుర్చీని, టేప్ రికార్డర్‌ను చూశాడు. ఎట్లా గడుస్తోందని అడిగాడు.

"మీ దయ సారూ, మంచిగనే ఉన్నం," అంది వాళ్లమ్మ.

ఇంట్లో గంజి లేకపోయినా పెద్దమనిషి అడిగితే మా వైపు అదే జవాబు. అతను రాసుకుని, చాయ్ ముట్టకుండానే వెళ్లిపోయాడు.

జాబితాలో దాని పేరు లేదు. ఇంట్లో టేప్ రికార్డర్ ఉంది గనక పేదవాళ్లు కారట. పెద్దసారు మా ఇద్దరినీ పిలిచి ఆ మాట చెప్పాడు, మళ్లీ అర్జీ కూడా రాశాడు. ఆఫీసరు ఇంకోసారి వచ్చి చూడాలన్నారు. ఆ వారమే కోరుట్ల దారిలో అన్నలు బస్సు తగలబెట్టారు. ఆ తర్వాత మా ఊరికి పోలీసులే వచ్చారు గానీ ఆఫీసర్లు రాలేదు.

నేను కోరుట్ల బడికి పోయాను. దసరా సెలవులకు వచ్చి ముఖం చెల్లకపోయినా వాళ్లింటికి వెళ్లాను. తల్లీబిడ్డలు పక్కపక్కన కూర్చుని బీడీలు చుడుతున్నారు. ఎట్లున్నవే అంటే అది తలెత్తకుండానే "మంచిగనే ఉన్న" అంది. నా మీద నాకే అసహ్యం వేసింది. వాళ్లమ్మ నీళ్లకు లేచినప్పుడు అది నా చెయ్యి పట్టుకుంది.

"గా టేపు డబ్బా సంగతి అమ్మకు చెప్పకే. తట్టుకోదు."

వాళ్లమ్మ నీళ్లు తెచ్చి నా ముందు పెట్టి కూర్చుంది.

"సారుకు మనం మర్యాద సరిగ్గ చెయ్యలే బిడ్డా. అందుకే చాయ్ సుత ముట్టలే. మీ ఇంట్ల కప్పుసాసర్లు గూడ తెస్తే మంచిగుండు."