‘బంగారం’ అని రాసి ఉన్న చోట

ఆపా పోయిందని ఆమె కూతురు ఫోన్ చేసినప్పుడు నేను మోండా మార్కెట్‌లో పసుపు చామంతులు బేరం చేస్తున్నాను. "అక్కా, అమ్మీ పోయింది. పొద్దున నమాజు చేసి జెర ఒరిగింది, మళ్ల లేవలే," అంది. సరే అన్నాను. పూలమ్మి అరకిలో తూచి కవరులో పోసింది. డబ్బులిచ్చాను, "పైన ఇంకో గుప్పెడు వెయ్యమ్మా" అని కూడా అన్నాను. మెట్టుగూడకు ఆటోలో వస్తున్నంతసేపూ ఆ పూలు నలగకుండా పట్టుకోవడం తప్ప నాకు వేరే ఆలోచన లేదు. వాటిని తెమ్మని ముందు రోజు సాయంత్రం చెప్పింది ఆపానే.

మధ్యాహ్నం నమాజు తర్వాత ఆపాను తీసుకుపోయారు. ఆడవాళ్ళం ఇంట్లోనే ఉండిపోయాం. ముందు గదిలో ఆపా కంప్యూటర్ మీద ఎవరో దుప్పటి కప్పారు. వచ్చినవాళ్ళు నా చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే నేను వాళ్ళకు మంచినీళ్ళు అందించాను. నాకు ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఈ రోజుకీ, పళ్ళ డాక్టరు మత్తు ఇచ్చిన దవడలాగే ఉంది. ఉందని తెలుసు, అంతే.

ఆపా ఎవరో మీకు చెప్పాలి కదా. మా బిల్డింగులో కింద పోర్షన్ ఆమెది, పైన మాది. ఆమె జనగామ వైపు నుంచి పెళ్ళై వచ్చింది, మా వాళ్ళు కాకినాడ నుంచి వచ్చారు. ఆపా అంటే అక్క, కానీ ముసలివాళ్ళ నుంచి పిల్లల దాకా అందరికీ ఆమె ఆపానే. కట్టుకున్నవాడికి కూడా ఆపానే అని మా నాన్న వేళాకోళం చేసేవాడు. ఫోటోషాప్‌లో పేర్లను అలంకరించడం ఆమె పని. పెళ్ళిళ్ళలో, ఓణీల ఫంక్షన్లలో, బారసాలల్లో, ముస్లింల ఇళ్ళలో పిల్లలకు పేరు పెట్టే అకీఖాల్లో స్టేజీ వెనక పూలతో, బంగారు అంచుతో పెద్ద పేరు కనిపిస్తుంది చూడండి, అది. సికింద్రాబాద్‌లో చాలామంది ఆల్బమ్‌లలో వాళ్ళ తల వెనక ఉన్నది ఆపా పనే. ఆమె ఎవరో వాళ్ళకు తెలియదు.

డిగ్రీ అయిపోయి నేను గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న రోజుల్లో ఆమే పిలిచి పక్కన కుర్చీ వేసింది. కొన్నాళ్ళకు ఒక పెళ్ళికూతురి పేరు ఇచ్చి చెయ్యమంది. నాకు తెలిసిన హంగులన్నీ దాని మీద కుమ్మరించాను. మెరుపు, ఉబ్బు, నీడ, వెనకాల ఇంకో నీడ. ఆపా కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూసింది.

"ఏందీ బిడ్డా, వాడకట్టు నగలన్నీ ఒక్క పిల్ల మీదనే ఏసినవ్? గిండ్ల పిల్ల యాడుంది?"

ఒక్కొక్కటే తీయించింది. చివరికి ఒక నీడ మిగిలింది, అది కూడా అక్షరానికో వైపు పడుతోంది. "నీడ ఒక్క దిక్కే పడాలె. సూర్యుడు ఒక్కడే గద," అంది. ఆ తర్వాత ఎవరి పెళ్ళికి వెళ్ళినా నేను భోజనం కంటే ముందు నీడలే చూస్తున్నాను. రోగం అంటించింది.

పూల విషయంలో మహా పట్టుదల. అక్షరాల కడుపులో నింపడానికి ఇంటర్నెట్‌లో కావలసినన్ని పూల బొమ్మలు దొరుకుతాయి. "నెట్‌ల పూలు అందరి పెండ్లిళ్లకు పోయొచ్చినయి, మనకొద్దు," అనేది. డాబా మీద తెల్ల దుప్పటి పరిచి, నిజం పూలు చిక్కగా పేర్చి, స్టూలెక్కి పైనుంచి ఫోటో తీసేది. నేను స్టూలు పట్టుకోవాలి, పట్టుకున్నంతసేపూ తిట్లు తినాలి. తర్వాత ఆ పూలు మా అమ్మ పూజకు పైకి వచ్చేవి. ఫోటో దిగిన పూలైతే దేవుడేం వద్దనడులే అని మా అమ్మ తీసుకునేది.

ఇంకో అలవాటు, సేవ్ కొట్టడం. కరెంటు మీద ఆమెకు జన్మలో నమ్మకం లేదు. మాట్లాడుతూనే ఎడమచేతి వేళ్ళు కంట్రోల్, ఎస్ మీటల మీదికి పోయేవి. కూరలో ఉప్పు వేశాక కూడా గిన్నె అంచు మీద ఆ వేళ్ళు అలాగే కదిలితే నేను, ఆమె కూతురు ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళం.

బారసాల ఆర్డర్లకు మాత్రం వేరే నియమం. మేనత్త పాప చెవిలో చెప్పేదాకా పేరు బయటపడకూడదు. మరి బోర్డు చేసేవాళ్ళకు ముందే తెలియాలి కదా. తల్లో తండ్రో ఆపాకు ఫోన్లో చెప్పేవాళ్ళు. ఆమె ఎక్కడా రాసుకోదు, నాకూ చెప్పదు. బొమ్మ మొత్తం ‘బంగారం’ అనే ఉత్తుత్తి పేరుతో తయారు చేసి, ఆఖరి పూట అది చెరిపి అసలు పేరు కొట్టేది. "పేరు ముందుగాల పిల్ల చెవుల పడాలె. మనం తర్వాత," అనేది. ఒకసారి ఒక మేనత్త మిఠాయి డబ్బాతో వచ్చి మెల్లగా కూపీ లాగింది. ఆపా డబ్బా తీసుకుంది, ఒకటి నోట్లో వేసుకుంది, "యాదికి లేదు బిడ్డా, వయసైతుంది గద," అంది. ఆ మేనత్త వెళ్ళాక మిగతా మిఠాయి మేం పంచుకున్నాం.

చామంతులు అలాంటి ఆర్డరుకే. బేగంపేటలో ఒక పాప బారసాల. ఆపా పోయిన మర్నాడు పొద్దున నేను ఆమె కూతుర్ని అడిగాను, ఏం చేద్దామని. "పనాపితే అమ్మీకి కోపమొస్తది. నువ్వు తలుపు దగ్గరికేసుకొని చెయ్యి అక్కా," అంది. కంప్యూటర్ మీది దుప్పటి తీసి చూస్తే ఉయ్యాల, తీగలు, వెలుగు అన్నీ అయిపోయాయి. మధ్యలో పెద్దగా ‘బంగారం’ అని ఉంది. అసలు పేరు ఆపాతోనే పోయింది. పాప తల్లికి ఫోన్ చెయ్యాలి, చేస్తే చావు కబురు చెప్పాలి. శుభమా అని బారసాల పెట్టుకున్న ఇంట్లోకి ఆ మాట వెళ్ళాక బోర్డు వద్దంటే, ఆపా ఆఖరి పని ఆ కంప్యూటర్ డబ్బాలోనే ఉండిపోతుంది. నాకు కావలసింది ఒక్కటే, అది స్టేజీ ఎక్కాలి. ఆ రెండు రోజుల్లో నేను నిజంగా కోరుకున్నది అదొక్కటే అనుకుంటాను.

చెప్పాను. అవతల తలుపు వేసిన చప్పుడైంది.

"మా అత్తగారికి తెలిస్తే ఆ బోర్డును గుమ్మంలోకి కూడా రానివ్వరండి," అంది ఆ అమ్మాయి.

"తెలుసండి. మీ ఇష్టం."

"నా పెళ్ళికి కూడా ఆవిడే చేశారు. మీరు చేసేయండి. అత్తయ్యకి మాత్రం చెప్పకండి." తర్వాత గొంతు తగ్గించి పాప పేరు చెప్పింది.

డాబా మీద పూలు పరిచాను. మా అమ్మ స్టూలు పట్టుకుంటే ఫోటో తీశాను. కిందికి వచ్చి ‘బంగారం’ చెరిపి పేరు కొట్టాను. బంగారు అంచు దానంతటదే వచ్చింది. నీడ కూడా పడింది, ఆపా పెట్టిన దిక్కుకే. నేను ముట్టుకోవలసింది ఏమీ లేదు. పూలు నింపి సేవ్ కొట్టి, ఇంకోసారి కొట్టాను.

రాత్రికి ఫ్లెక్సీ అచ్చయి వచ్చింది. మర్నాడు బేగంపేటలో మేనత్త పాప చెవి దగ్గర వంగింది, గుడ్డ లాగారు, పేరు కనబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. నాయనమ్మగారు బోర్డు దగ్గరికి వచ్చి కాసేపు నిలబడ్డారు. అక్షరాల్లో పూలను వేలితో తడిమి చూసి, నా వైపు తిరిగారు.

"కళ్ళకి చల్లగా ఉందమ్మా. నువ్వేనా చేసింది?"

"మా ఆపా చేశారండి. నేను పక్కన ఉంటాను."

"ఆవిడ రాలేదేం?"

"రాలేకపోయారండి."

కోడలు పాపను ఎత్తుకుని అవతలి నుంచి నన్నే చూస్తోంది. పెద్దావిడ లోపలికి వెళ్ళి రెండు సంచులు తెచ్చారు. ఒక్కోదాంట్లో జాకెట్టు ముక్క, అరటిపళ్ళు, నానబెట్టిన శనగలు, లడ్డూలు.

"ఇది నీకు, ఇది ఆవిడకి. మా మనవరాలి పేరు ఆవిడ చేతి మీదుగా వచ్చింది, ఉత్త చేతులతో ఎలా పంపుతాం? నేను మెచ్చుకున్నానని చెప్పు."

"చెప్తానండి," అన్నాను.

మెట్రోలో కూర్చోవడానికి చోటు దొరికింది. ఒక సంచి ఒళ్ళో పెట్టుకుని, రెండోది పక్క సీటు మీద పెట్టాను. అలా ఎందుకు పెట్టానో తెలియదు, రెండూ ఒళ్ళో పట్టేవే. ప్యారడైజ్ దగ్గర జనం ఎక్కారు. చంటిపిల్లను చంకనేసుకున్న ఒకామె నా ముందు ఆగి, ఆ సంచినీ నన్నూ చూసింది.

"ఈడ ఎవరన్న ఉన్నరా అక్కా?"

నేను సంచి వైపు చూశాను. ఆమె ఇంకోసారి అడగబోయింది.

"ఎవరూ లేరమ్మా, కూర్చో," అన్నాను. సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. అడుగున శనగల తడి చీరలోంచి మోకాళ్ళకు చల్లగా తగులుతూనే ఉంది, మెట్టుగూడ వచ్చేదాకా.