నడిగోదారి గాలి

రాజమండ్రిలో ఆ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌కి దీనమ్మ అటెండరు. అద్దాలు తుడవడంలోనూ, లెక్చరర్లను కసురుకోవడంలోనూ ముప్ఫై ఏళ్ల అనుభవం ఆవిడది. చెప్పులతో లోపలికొచ్చిన ప్రిన్సిపాలు కూడా ఆ చూపు చూసి గుమ్మంలోనే ఆగిపోయేవాడు.

2004లో మంజుష మేడం అక్కడ ఒక లేజర్ మిషను తయారుచేస్తోంది. గాజు గొట్టంలోకి గాలి పంపి లేజర్ కిరణం పోనిస్తే, అందులో పేలుడుమందు ఆవిరి రవ్వంత ఉన్నా మీటరు ముల్లు లేస్తుంది. పోల్చి చూడటానికి ఏ కల్తీ లేని గాలీ కావాలి. అది తేవడం దీనమ్మ వంతు. వారానికోసారి కొవ్వూరు లాంచీ ఎక్కి, నది మధ్యలో ఖాళీ సీసా మూతి కొంగుతో తుడిచి, గాలి పట్టి బిగించేది. ఊరంతా గోదారి నీళ్లు తెచ్చుకుంటే తను గాలి తెస్తున్నానని ఒకటే మురిసిపోయేది.

నెలరోజులుగా ఆ గాలికే ముల్లు లేస్తోంది. మేడం గొట్టాలు మార్చింది, అద్దాలు మార్చింది, తిండి మానేసింది. ఎల్లుండి ఢిల్లీ నుంచి అధికారులు మిషను చూడటానికి వస్తున్నారు.

"మూడేళ్ల కష్టమండీ. వాళ్లను రావద్దని ఫోన్ చేసేస్తాను," అంది చివరికి.

దీనమ్మ చెయ్యి కొంగుముడి మీదికి పోయింది. నెలక్రితం గుండెల్లో నొప్పొస్తే డాక్టరు నాలుక కింద పెట్టుకోమని బిళ్ళలిచ్చాడు. బాంబుల్లో వాడే మందే ఇది, భయపడకు, పేలదులే అని నవ్వాడు. వాటిని మందుసీసాలోనే ఉంచమన్నాడు కూడా. సీసా అయితే నలుగురి కంటా పడుతుందని ఆవిడ కొంగున ముడేసుకుంది. జబ్బుమనిషని తెలిస్తే ఇంటికి పంపేస్తారు. ఆ ల్యాబ్ లేకపోతే ఆవిడకు తెల్లారి లేచి వెళ్లే చోటే లేదు.

అయినా కొంగుముడి విప్పి, బిళ్ళను గొట్టం మూతి దగ్గర పెట్టింది. ముల్లు చివరి గీత దాకా పోయింది.

"మీ మిషను అబద్ధం చెప్పలేదండి. సీసా ఈ కొంగుతోనే తుడిచానండి."

"ఏంటండీ ఇది?"

"గుండెనొప్పికండి. పంపేస్తారని చెప్పలేదు."

మేడంకు సంతోషించాలో కోప్పడాలో తెలియలేదు. మిషను ఆపి, తన కుర్చీ లాగి దీనమ్మను కూర్చోబెట్టింది.

మర్నాడు లాంచీలో ఇద్దరూ వెళ్లారు. సీసా మేడమే మోసింది. ఆ గాలికి ముల్లు కదల్లేదు. దీనమ్మ దానికేసే చూస్తూ కళ్లు తుడుచుకుంది.

"ఇకనుంచి సీసా నేను పట్టుకుంటాను," అంది మేడం. "మూత ఎక్కడ తియ్యాలో మాత్రం మీరే చెప్పాలి."