ఇస్సాకు బావ ఎక్కని విమానం

గూడూరు ఇస్సాకు బావ వైమానిక దళంలో పదిహేనేళ్లు ఫిట్టరుగా చేశాడు. ఆయన చూసుకున్నది హెచ్‌టి-2 విమానాలను. మన దేశంలోనే తయారై, ఎందరో కుర్రాళ్లకు ఎగరడం నేర్పిన చిన్న శిక్షణ విమానం అది. అందులో రెండే సీట్లు, ఒకటి గురువుకి, ఒకటి శిష్యుడికి. ఇంజను సిద్ధం చేసి పంపడం, దిగాక నూనె మరకలు తుడవడం బావ పని. ఒక్కసారైనా అందులో ఎగరాలన్న కోరిక తీరకుండానే ఆ విమానాలు సర్వీసు నుంచి వెళ్లిపోయాయి. డెబ్బై దాటినా ఆ కోరిక మాత్రం పోలేదు.

మొన్న గుడివాడ దగ్గర ఒక కాలేజీ ముందు అలాంటి విమానం నిలబెట్టారని తెలిసి బావను తీసుకెళ్లాను. వాచ్‌మన్ అడ్డుపడ్డాడు.

"ఈయన ఎవరనుకున్నావయ్యా? ఎయిర్ మార్షల్ గారు! బందరు మీద తలకిందులుగా ఎగిరితే సముద్రంలో చేపలు లేచి సెల్యూట్ కొట్టాయి" అన్నాను.

అతను నవ్వుతూనే నిచ్చెన తెచ్చి వేశాడు. బావ రెండు మెట్లెక్కి ఆగిపోయాడు.

"ఏం బావా, టిక్కెట్టు కొనాలా?"

"లోపల ఇంజను లేదు బావా. ఎగరని దాంట్లో కూర్చుంటే ఎక్కేసినట్టే అయిపోద్ది. ఇన్నేళ్ల కోరిక ఇట్టా తీరిపోతే ఎట్టా? నువ్వెక్కు."

నేనెక్కి కూర్చుని, నోటితో ఇంజను చప్పుడు మొదలుపెట్టాను. కింద బావ రెక్క మీద చెయ్యేసి కళ్లు మూసుకున్నాడు.

"ఇంకాస్త గట్టిగా బావా" అన్నాడు.